పీఎస్4లో నెట్ టెస్ట్ అంతా పాస్, కానీ కువైట్‌లో ఉన్న బావతో మాత్రం గేమ్ కలవట్లేదు (ఇందుకూరుపేట)

గట్టుమీది_గేమర్:

అన్నలందరికీ నమస్కారం. మాది ఇందుకూరుపేట దగ్గర, మైపాడు పోయే రోడ్డు. రొయ్యల చెరువులు చూసుకుంటా. రాత్రిపూట ఏరియేటర్లు తిరుగుతున్నాయా లేదా అని లేచి చూడాలి కాబట్టి ఎట్టాగూ నిద్ర ఉండదు. ఆ టైంలో పీఎస్4 (ప్లేస్టేషన్ 4 గేమ్ డబ్బా) పెట్టుకుని మా బావతో ఫుట్‌బాల్ ఆడతా. బావ కువైట్‌లో ఉంటాడు, శుక్రవారం సెలవు. గురువారం రాత్రి ఆయనకి తొమ్మిదైతే మాకు పదకొండున్నర. ఆ మ్యాచ్ కోసం వారమంతా చూస్తాం. ఈ పీఎస్4 కూడా ఆయనదే. తను ప్రో మోడల్ కొనుక్కుని, సెలవుకి వచ్చినప్పుడు పాతది, మొట్టమొదట వచ్చిన లావు మోడల్, నాకిచ్చి పోయాడు.

పాత కాపర్ లైన్ నెట్ ఉన్నన్నాళ్ళు స్పీడు తక్కువే అయినా ఆట బాగా కలిసేది. ఈమధ్య ఫైబర్ పెట్టించాం, 100 ఎంబీపీఎస్. అప్పటినుంచి తలనొప్పి.

సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ టెస్ట్ చేస్తే ఐపీ అడ్రస్ సక్సెస్, ఇంటర్నెట్ కనెక్షన్ సక్సెస్, ప్లేస్టేషన్ నెట్‌వర్క్ సైనిన్ సక్సెస్. కింద నాట్ (NAT) టైప్ 3 అని వస్తుంది. పాత నెట్‌లో అక్కడ 2 ఉండేది. బావకి ఇన్విటేషన్ పోతుంది, ఆయన ఒప్పుకుంటాడు, చక్రం తిరిగి తిరిగి కనెక్ట్ కాలేదని బయటికి వస్తుంది. పార్టీ చాట్‌లో ఇద్దరం ఉన్నట్టే చూపిస్తుంది, ఆయన మాట నాకు వినపడదు. అప్‌డేట్‌లు మాత్రం దిగుతున్నాయి, ఫోన్‌లో వీడియోలు సుబ్బరంగా వస్తున్నాయి.

చేసినవి: డీఎన్ఎస్ 8.8.8.8 పెట్టా. ఎంటీయూ 1473 పెట్టా. యూట్యూబ్‌లో చూసి రౌటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ చేశా. డీఎంజెడ్‌లో పీఎస్4 ఐపీ పెట్టా. సేఫ్ మోడ్‌లో డేటాబేస్ రీబిల్డ్ కూడా చేశా. టైప్ 3 కదల్లేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "స్పీడ్ వస్తుంది కదా సార్, మా వైపు ఏం ప్రాబ్లమ్ లేదు" అని పెట్టేస్తున్నారు.

ఇంట్లో సెటప్ ఇది. ఫైబర్ వాళ్ళు ఇచ్చిన డబ్బా కింద హాల్లో ఉంది. మేడ మీద గదికి వైఫై అందదని ఇంకో రౌటర్ కొని, కింద డబ్బా నుంచి కేబుల్ లాగి పెట్టా. పీఎస్4 ఆ పై రౌటర్ వైఫైలో ఉంది. ఎవరన్నా దారి చూపండి.

దర్గామిట్ట_కుర్రోడు:

బ్రో, 8.8.8.8 తీసేసి 1.1.1.1 పెట్టు. నాకు ఎన్‌డబ్ల్యూ-31253-4 వచ్చినప్పుడు దాంతోనే పోయింది.

కావలి_అక్క:

బాబూ, ఒక్కటే అడుగుతా. మీ బావ కొత్తగా పీఎస్5 ఏమన్నా తీసుకున్నాడా? కొన్ని ఆటల్లో పీఎస్4 వాళ్ళూ పీఎస్5 వాళ్ళూ కలవరు. పీఎస్5లో కూడా ఆ ఆట పీఎస్4 వెర్షనే పెట్టుకుంటే తప్ప. మా పిల్లలు వాళ్ళ పిన్ని కొడుకుతో ఇదే గొడవ పడి నెట్ వాళ్ళని అనవసరంగా తిట్టారు.

గట్టుమీది_గేమర్:

లేదక్కా, ఆయన దగ్గర అదే ప్రో ఉంది. ఆయన వైపు నాట్ టైప్ 2 చూపిస్తుందని ఫోటో కూడా పంపాడు. మారింది మా నెట్ ఒక్కటే.

సింగరాయకొండ_స్ప్లైసర్:

తమ్ముడూ, నేను సింగరాయకొండ, టంగుటూరు, ఒంగోలు వైపు ఫైబర్ స్ప్లైసింగ్, అంటే ఫైబర్ తీగలు అతికే పని చేస్తా. ఇట్టాంటి కంప్లైంట్ మాకు బాగా వస్తుంది. స్పీడ్ టెస్ట్ బాగుంటుంది కాబట్టి ఆఫీసులో కూర్చున్న వాళ్ళకి ఇది కంప్లైంట్‌గానే కనపడదు.

ముందు ఆ డీఎన్ఎస్ సంగతి తేల్చేద్దాం. డీఎన్ఎస్ పని పేరు చెబితే నంబర్ చెప్పడం, అంతే. సర్వర్ పేరుకి అడ్రస్ దొరక్కపోతే సైనినే కాదు. అలాంటప్పుడు దర్గామిట్ట తమ్ముడు చెప్పింది కరెక్టే, ఆయనకి వచ్చిన కోడ్ కూడా డీఎన్ఎస్‌దే. నీకు సైనిన్ సక్సెస్ వస్తుంది, అంటే డీఎన్ఎస్ దాని పని అది చేస్తుంది. 8.8.8.8 పెట్టినా 1.1.1.1 పెట్టినా నాట్ టైప్ మారదు. నెట్‌లో ఏ రోగానికైనా డీఎన్ఎస్ మార్చమని చెప్పడం అలవాటైపోయింది జనానికి.

ఎంటీయూ, అంటే ఒక్కో డేటా ప్యాకెట్ ఎంత పెద్దది ఉండొచ్చు అనేది, అదీ అంతే. మామూలు లైన్‌లో 1500, యూజర్‌నేమ్ పాస్‌వర్డ్‌తో డయల్ అయ్యే పీపీపీఓఈ లైన్‌లో 8 బైట్లు దానికే పోయి 1492 మిగులుతుంది. 1473 అనేది వీడియోల్లో తిరిగే నంబర్, దాన్ని తీసి ఆటోమేటిక్‌లో పెట్టెయ్.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు వీడియో చూసేటప్పుడు అడిగేది నువ్వు, జవాబు వచ్చేది నీకు. నువ్వు బయటికి పోయిన దారినే అది లోపలికి వస్తుంది. ఇద్దరు కలిసి ఆడే ఆట, పార్టీ చాట్ చాలావరకు అట్టా కాదు. మీ బావ కన్సోల్ నేరుగా నీ కన్సోల్ తలుపు కొట్టాలి. రౌటర్ ఇంట్లో అన్నిటికీ కలిపి ఒకే బయటి అడ్రస్ వాడించడాన్ని నాట్ అంటారు. నాట్ టైప్ చెప్పేది ఈ సంగతే, బయటివాడు నీ ఇంటికి రాగలడా లేదా అని. టైప్ 1 అంటే మధ్యలో రౌటర్ లేదు. టైప్ 2 అంటే రౌటర్ ఉంది కానీ దారి తెరిచి ఉంది. టైప్ 3 అంటే దారి మూసుకుంది. ఇద్దరిలో ఒకరిది 3 అయితే ఒక్కోసారి కలుస్తుంది, ఒక్కోసారి కలవదు. ఇద్దరిదీ 3 అయితే దాదాపు కలవదు.

నీ ఇంట్లో తలుపులు రెండున్నాయి. ఫైబర్ డబ్బా, అంటే ఓఎన్‌టీ, అదే ఒక రౌటర్. దాని వెనక నువ్వు పెట్టింది ఇంకో రౌటర్. పోర్ట్ ఫార్వార్డింగ్ అంటే బయటినుంచి ఫలానా పోర్ట్ నంబర్‌కి వచ్చేదాన్ని పీఎస్4కి పంపమని రౌటర్‌కి చెప్పడం, డీఎంజెడ్ అంటే వచ్చేదంతా దానికే పంపమనడం. నువ్వు అవి ఏ రౌటర్‌లో పెట్టావు? పై దాంట్లో పెట్టుంటావు. కింది డబ్బాకి ఆ సంగతే తెలియదు. దీన్ని డబుల్ నాట్ అంటాం.

కానీ నా అనుమానం మూడో తలుపు కూడా ఉందని. అది నీ ఇంట్లో లేదు, కంపెనీ దగ్గర ఉంది. రెండు పనులు చేసి చెప్పు. పై రౌటర్ పేజీలోకి పోయి వాన్ ఐపీ, అంటే దాని బయటి వైపు అడ్రస్, ఎక్కడుందో చూడు. తర్వాత కింది ఓఎన్‌టీ పేజీలోకి పో, సాధారణంగా 192.168.1.1, స్టేటస్‌లో వాన్ అని ఉంటుంది, దాని ఐపీ చూడు. ఆ తర్వాత ఫోన్‌లో మొబైల్ డేటా ఆపి, ఇంటి వైఫైలో ఉండి, నా ఐపీ ఎంత అని గూగుల్‌లో వెతుకు. మూడు నంబర్లూ రాసి పెట్టు. చివరి రెండు ముక్కలు దాచెయ్, అందరికీ చూపించాల్సిన పని లేదు. ఈ లోపల ఇంకే సెట్టింగూ ముట్టుకోవద్దు.

దర్గామిట్ట_కుర్రోడు:

ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి ఒకసారి చూడొచ్చు కదా అన్నా, పీఎస్4 తప్పా నెట్ తప్పా తెలిసిపోతుంది?

సింగరాయకొండ_స్ప్లైసర్:

పీఎస్4లో వైఫై పనిచేస్తుందా, అకౌంట్ సైనిన్ అవుతుందా అనేంతవరకు తెలుస్తుంది. నాట్ సంగతి తేలదు. మన మొబైల్ కంపెనీలు కూడా ఎంతోమందిని కలిపి ఒకే ఉమ్మడి అడ్రస్ వెనక పెడతాయి. హాట్‌స్పాట్‌లో కూడా 3 వస్తే "కన్సోలే పోయింది" అనుకుని అమ్మేస్తాడు.

గట్టుమీది_గేమర్:

అన్నా, చూశా.

పై రౌటర్ వాన్: 192.168.1.5
కింది డబ్బా వాన్: 100.78 తో మొదలవుతుంది
గూగుల్ చూపించింది: 103 తో మొదలయ్యే వేరే నంబర్

మూడూ మూడు రకాలుగా ఉన్నాయి. ఇదేందన్నా?

సింగరాయకొండ_స్ప్లైసర్:

అనుకున్నదే. మొదటిది 192.168 అంటే పై రౌటర్ ఇంకో రౌటర్ వెనక ఉందని అర్థం, డబుల్ నాట్ ఖాయం. రెండోది 100.78. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న నంబర్లు 2012లో ప్రత్యేకంగా ఈ పనికే పక్కన పెట్టారు. కంపెనీ వాళ్ళు తమ లోపల కస్టమర్లకి పంచుకోవడానికి. బయటి ఇంటర్నెట్‌లో ఈ నంబర్ ఎవరికీ తెలియదు. కొన్ని కంపెనీలు వీటి బదులు 10తో మొదలయ్యేవి ఇస్తాయి, సంగతి అదే. దీన్ని సీజీనాట్ అంటారు. మూడోది, 103, అసలు బయటి అడ్రస్. అది నీ ఒక్కడిది కాదు, నీలాంటి వాళ్ళు ఎంతోమంది దాని వెనక ఉన్నారు.

వీధి వీధికంతా కలిపి ఒకే డోర్ నంబర్ ఇచ్చినట్టు. నువ్వు రాసిన ఉత్తరానికి జవాబు వస్తే పోస్టుమాన్ గుర్తుపెట్టుకుని తెచ్చిస్తాడు. కొత్తగా ఎవరన్నా నిన్ను వెతుక్కుంటూ వస్తే ఏ ఇంటికి పోవాలో ఆయనకీ తెలియదు. మీ బావ అక్కడే నిలబడిపోయాడు.

కంపెనీ వాళ్ళు కావాలని చేసే మోసం కాదిది. పాత రకం ఐపీ అడ్రస్‌లు, ఐపీవీ4, ప్రపంచం మొత్తానికి సుమారు 430 కోట్లే. అందరికీ పంచే మూల నిల్వ 2011 ఫిబ్రవరిలో అయిపోయింది. మన ఆసియా ప్రాంతానికి వచ్చిన వాటా ఆ ఏప్రిల్‌కే అడుగంటింది. 2019 నుంచి కొత్తగా వచ్చే కంపెనీకి 512 అడ్రస్‌లకి మించి ఇవ్వట్లేదు. ఒక మండలంలోనే వేల ఇళ్ళకి ఫైబర్ వేసే చోట ఆ 512 ఏ మూలకి? నీ పాత కాపర్ లైన్‌లో నీకు సొంత అడ్రస్ వచ్చి ఉంటుంది, అందుకే అప్పుడు 2 చూపించేది.

కాబట్టి ఈ మూడో తలుపుకి నీ చేతిలో సెట్టింగ్ ఏదీ లేదు. పోర్ట్ ఫార్వార్డింగ్, డీఎంజెడ్, యూపీఎన్‌పీ (కన్సోలే రౌటర్‌ని అడిగి పోర్టులు తెరిపించుకునేది) అన్నీ ఇంటి తలుపులకే. ఆపరేటర్‌ని అడగాల్సిందే. కస్టమర్ కేర్‌కి కాదు, మీ ఊళ్ళో లైన్ చూసే మనిషికి నేరుగా ఫోన్ చెయ్. గేమ్ ఆడుకోవడానికి అంటే నవ్వుతాడు. నీకు కావాల్సింది నీ ఒక్కడికే, మారకుండా ఉండే బయటి అడ్రస్. "నాకు పబ్లిక్ స్టాటిక్ ఐపీ కావాలి, సీసీ కెమెరా డీవీఆర్ బయటినుంచి చూడ్డానికి ఇస్తారు కదా, అదే" అని చెప్పు. మీ చెరువుల దగ్గర కెమెరాలు పెట్టిన పెద్ద రైతులు ఎవరో ఒకరు తీసుకునే ఉంటారు, ఆ మాట వెంటనే అర్థమవుతుంది. నెలకి అదనంగా డబ్బులు పడతాయి. ఇవ్వం అంటే అప్పుడు వేరే దారులు మాట్లాడదాం.

మాగుంట_ఎక్స్‌బాక్స్:

పక్కనుంచి ఒక మాట. నాది ఎక్స్‌బాక్స్, మాగుంట లేఅవుట్. మాకు టైప్ 1, 2, 3 బదులు ఓపెన్, మోడరేట్, స్ట్రిక్ట్ అని వస్తాయి. డబుల్ నాట్ ఉంటే ఆ మాటే స్క్రీన్ మీద పడుతుంది, ఇంత వెతుకులాట ఉండదు. మా లైన్ కూడా సీజీనాటే, కానీ ఐపీవీ6 (అడ్రస్‌ల కొరత లేని కొత్త రకం) ఆన్ చేయించాక ఓపెన్ వచ్చింది. ఎక్స్‌బాక్స్ ఉన్నవాళ్ళు డబ్బులు కట్టే ముందు రౌటర్‌లో ఐపీవీ6 ఉందేమో చూసుకోండి. పాత పీఎస్4కి ఈ చిట్కా మీద ఆశ పెట్టుకోవద్దు.

సింగరాయకొండ_స్ప్లైసర్:

మంచి మాట చెప్పారు.

తమ్ముడూ, ఐపీ వచ్చేలోపు రెండో తలుపు నువ్వే తీసెయ్యొచ్చు. పై రౌటర్ పేజీలో ఆపరేషన్ మోడ్ అని ఉంటుంది, దాన్ని యాక్సెస్ పాయింట్ చెయ్. ఆ ఆప్షన్ లేని పాత రౌటర్ అయితే దాని సొంత ఐపీని 192.168.1.2 చేసి, డీహెచ్‌సీపీ (ఐపీలు పంచే పని) ఆఫ్ చేసి, కిందినుంచి వచ్చే కేబుల్‌ని వాన్ పోర్టులోంచి పీకి లాన్ (లోపలి వైపు) పోర్టులో పెట్టు. అప్పుడది ఉట్టి వైఫై డబ్బా అవుతుంది, ఐపీలు పంచేది కింది ఓఎన్‌టీ ఒక్కటే. యూపీఎన్‌పీ కూడా ఓఎన్‌టీలోనే ఆన్ చెయ్. అది సరిగ్గా పనిచేస్తే పోర్టులు చేత్తో రాయక్కర్లేదు. పనిచెయ్యకపోతే యూడీపీ 3478, 3479, టీసీపీ 3478 నుంచి 3480 పీఎస్4కి పంపు. రాసేముందు పీఎస్4 మాక్ అడ్రస్‌కి (తయారీలోనే వచ్చే గుర్తింపు నంబర్) ఓఎన్‌టీలో ఒక ఐపీ రిజర్వ్ చెయ్. మీ వైపు కరెంట్ పోయి జనరేటర్ మీదికి మారిన ప్రతిసారీ డబ్బా రీస్టార్ట్ అయి పీఎస్4కి వేరే ఐపీ వస్తే నువ్వు రాసిన పోర్టులు ఇంకెవరికో పోతాయి.

డీఎంజెడ్ మాత్రం తీసెయ్, మర్చిపోవద్దు. ఇప్పుడు సీజీనాట్ వెనక ఉన్నావు కాబట్టి దాంతో లాభం లేదు, నష్టమూ లేదు. రేపు పబ్లిక్ ఐపీ వచ్చాక ఆ నంబర్ డీవీఆర్‌కో లాప్‌టాప్‌కో పడిందంటే దాన్ని నడిరోడ్డు మీద పెట్టినట్టే. పబ్లిక్ ఐపీ వచ్చిన రోజే ఓఎన్‌టీ లాగిన్ పాస్‌వర్డ్, డీవీఆర్ ఉంటే దాని పాస్‌వర్డ్ మార్చు. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌తో వదిలేసిన డీవీఆర్‌లని వెతికే వాళ్ళు ఇరవై నాలుగు గంటలూ ఉంటారు.

గట్టుమీది_గేమర్:

అన్నా, ముందు పై రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ చేశా. చెయ్యగానే పీఎస్4కి వైఫై పేరే కనపడలేదు, గుండె ఆగినంత పనైంది! ఫోన్‌కి మాత్రం కనిపిస్తుంది.

కావలి_అక్క:

కంగారు పడొద్దు బాబూ. ఆ మొదటి మోడల్ పీఎస్4కి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు. 5 గిగాహెర్ట్జ్ స్లిమ్, ప్రో నుంచి వచ్చింది. మోడ్ మారినప్పుడు రౌటర్ రీసెట్ అయి 5 మాత్రమే ఆన్ అయి ఉంటుంది, లేదా రెండిటికీ వేర్వేరు పేర్లు పడి ఉంటాయి. 2.4 ఆన్ చేసి వేరే పేరు పెట్టు. సెక్యూరిటీలో డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఉంటే డబ్ల్యూపీఏ2కి మార్చు, పాత కన్సోల్ డబ్ల్యూపీఏ3తో కలవదు. పేరు కనపడి కనెక్ట్ కాకుండా ఎన్‌డబ్ల్యూ-31297-2 వస్తే పాస్‌వర్డ్ మారిందని, మళ్ళీ కొట్టాలి.

ఇంకోటి, చాలారోజులు ప్లగ్ తీసేసి ఉంచిన పాత పీఎస్4లో తేదీ తప్పిపోతే కూడా సైనిన్ కాదు. తేదీ, టైం ఒకసారి చూసుకో. డబ్ల్యూఎస్-37403-7 వస్తే మాత్రం ఇంట్లో ఏదీ పీకొద్దు, అది సోనీ వాళ్ళ వైపు సర్వీస్ ఆగినప్పుడు వచ్చేది. 2025 ఫిబ్రవరి 7, 8 తేదీల్లో పీఎస్ఎన్ (ప్లేస్టేషన్ నెట్‌వర్క్) దాదాపు రోజంతా ప్రపంచమంతటా పడిపోయింది, తర్వాత వాళ్ళు ప్లేస్టేషన్ ప్లస్ చందా ఉన్నవాళ్ళకి 5 రోజులు ఎక్కువ ఇచ్చారు. ఆ రోజు మా పిల్లాడు రౌటర్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేసి, ఇంటిల్లిపాదికీ నెట్ లేకుండా చేశాడు. లైన్‌మన్ వచ్చి మళ్ళీ యూజర్‌నేమ్ కొట్టేదాకా మా ఆయన మొహం చూడాల్సింది.

గట్టుమీది_గేమర్:

అక్కా, 2.4 ఆఫ్‌లోనే ఉంది! ఆన్ చేస్తే వచ్చేసింది. థ్యాంక్స్.

లైన్ చూసే ఆయనకి ఫోన్ చేశా. గేమ్ అనకుండా స్ప్లైసర్ అన్న చెప్పినట్టే సీసీ కెమెరాకి ఇచ్చే ఐపీ లాంటిది కావాలన్నా. "ఓ, స్టాటిక్కా, ముందే చెప్పొచ్చు కదా" అన్నాడు. బిల్లు మీద నెలకి ఇంకో 200 అంట. సరే అన్నా.

గట్టుమీది_గేమర్:

అప్‌డేట్. ఐపీ వచ్చింది. ఓఎన్‌టీ వాన్ ఐపీ, గూగుల్ చూపించేది ఇప్పుడు ఒకటే. యూపీఎన్‌పీ ఆన్ చేసి పీఎస్4 రీస్టార్ట్ చేశా, నాట్ టైప్ 2! గురువారం రాత్రి బావతో మ్యాచ్ కలిసింది, మాటా వినపడింది. 3-1తో ఓడిపోయా, అది వేరే సంగతి.

కానీ ఆట మధ్యలో అప్పుడప్పుడు బొమ్మ ఎగురుతుంది, బావ మాట తెగిపోతుంది. ఫోన్‌లో 90 దాకా వచ్చే స్పీడ్ పీఎస్4లో 30 దాటట్లేదు. ఇది కూడా కంపెనీ వైపేనా అన్నా?

సింగరాయకొండ_స్ప్లైసర్:

కాదు, ఇది నీ గది సంగతి. 2.4లో చుట్టుపక్కల అందరి వైఫైలూ ఉంటాయి, పైగా ఆ మోడల్ వైఫై అంతంతమాత్రం. పై రౌటర్ పక్కనే ఉంది కదా, దాని లాన్ పోర్ట్ నుంచి పీఎస్4కి చిన్న కేబుల్ పెట్టి, సెటప్‌లో లాన్ కేబుల్ ఎంచుకో. ఆటకి 30 అయినా ఎక్కువే, స్పీడ్ కాదు ముఖ్యం, మధ్యలో తెగకుండా రావాలి. ఒక్క మాట, కేబుల్‌కి మారితే పీఎస్4 మాక్ అడ్రస్ మారుతుంది. ఐపీ రిజర్వ్ చేసి ఉంటే మళ్ళీ ఈ మాక్‌తో చెయ్యాలి.

పనిలో పని ఓఎన్‌టీ పేజీలో ఆప్టికల్ పవర్, అంటే ఫైబర్‌లో వచ్చే వెలుగు బలం, ఎంతుందో చూడు. మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం మధ్య ఉంటే పనిచేస్తుంది. నేనైతే మైనస్ 25 దాటగానే కనెక్టర్ విప్పి తుడుస్తా.

గట్టుమీది_గేమర్:

పవర్ మైనస్ 21 ఉందన్నా. చిన్న కేబుల్ పెట్టా, ఇప్పుడు బొమ్మ ఎగరడం చాలా తగ్గింది, పూర్తిగా పోలేదు. కింది నుంచి పైకి లాగిన కేబుల్ సన్‌షేడ్ మీదుగా బయట గోడకి ఉంది, ఎండకి పైతోలు పగిలింది. ఉప్పుగాలికి పై రౌటర్ దగ్గర ప్లగ్ పచ్చగా చిలుం పట్టింది. మోటార్ స్టార్టర్‌కి పోయే కరెంట్ వైరు కూడా దాని పక్కనే కట్టుంది.

సింగరాయకొండ_స్ప్లైసర్:

ఇంకేం కావాలి తమ్ముడూ. ఆ కేబుల్ మార్చెయ్. లోపల జెల్లీ ఉండే ఔట్‌డోర్ క్యాట్6 అడుగు. డబ్బా మీద సీసీఏ అని ఉంటే వద్దు, అది రాగి పూసిన అల్యూమినియం, నీ సముద్రం గాలికి తొందరగా పోతుంది. ప్యూర్ కాపర్ తీసుకో. కరెంట్ వైరుకి ఒక అడుగు దూరంగా వేరే పైపులో లాగు, రెండూ దాటాల్సి వస్తే అడ్డంగా దాటించు, పక్కపక్కన పరుగెత్తించొద్దు. రెండు చివర్లా కొత్త ప్లగ్గులు కొట్టించి, కొట్టినవాడి చేతే టెస్టర్ పెట్టించి ఎనిమిది లైట్లూ వరసగా వెలిగేది చూశాకే డబ్బులివ్వు.